అమ్మ గదికి పక్కకు జరిగే తలుపు: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ట్రాక్ బరువును మోస్తుందా?

కొండవీటి_ఇల్లు (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 76 ఏళ్లు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స అయిన తరువాత ఇంట్లో చక్రాల కుర్చీలోనే తిరుగుతున్నారు. కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. ఆమె గది ద్వారబంధం బయటి కొలత 36 అంగుళాలే అయినా లోపలి ఖాళీ 31 అంగుళాలు, తలుపు తెరిచినప్పుడు రెక్క మందమూ గడియా పోగా మిగిలేది 29. గది ముందున్న నడవా వెడల్పు మూడున్నర అడుగులు మాత్రమే కావడంతో కుర్చీ తిన్నగా రాదు, మలుపు తిరుగుతూ లోపలికి వెళ్లాలి. ఆ మలుపులో అమ్మ చేతి వేళ్లు రెండుసార్లు ద్వారబంధానికి ఒరుసుకుని తోలు లేచిపోయింది. దీనికి తోడు గడప రెండు అంగుళాల ఎత్తు ఉంది.

అందుకే ద్వారబంధాన్నీ గడపనూ తీసివేసి, నడవా వైపు గోడ మీద ఇనుప ట్రాక్ బిగించి, దానికి వేలాడుతూ పక్కకు జరిగే తలుపును, అంటే బార్న్ డోర్ అని పిలిచేదాన్ని, నేనే స్వయంగా తయారు చేయాలనుకుంటున్నాను. ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు దాచిన టేకు పలకలు అంగుళం మందంవి ఎనిమిది ఉన్నాయి. తలుపు వాటితోనే చేయాలని నా కోరిక, అమ్మ కోరిక కూడా. గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు పూత ఉంది. తలుపు పని నాకు కొంత తెలుసు, గోడ విషయమే తెలియదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఫ్రిస్కో_గోదావరి (టెక్సాస్)

నమస్కారమండీ. మా ఇంట్లో ముందు గదిని పూజ గదిగా మార్చినప్పుడు ఇలాంటి తలుపే పెట్టాను, కాబట్టి మొదట కొలతలు చెబుతాను. తలుపు ఖాళీ కంటే రెండు పక్కలా సుమారు రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే మూసినప్పుడు సందులోంచి గది లోపల అంతా కనబడుతుంది. మీ ఖాళీ 36 అయితే తలుపు 40 అంగుళాలు. ట్రాక్ పొడవు తలుపు వెడల్పుకు కనీసం రెట్టింపు, అంటే 80 అంగుళాలు. తెరిచిన తలుపు వచ్చి నిలబడడానికి పక్క గోడ మీద 40 అంగుళాల మేర స్విచ్‌బోర్డు, ఫొటో, మేకు ఏదీ ఉండకూడదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పడం అవసరం. ఇక్కడి గోడలు అర అంగుళం జిప్సం పలకలు, వాటి వెనక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున చెక్క నిలువు దూలాలు ఉంటాయి. ట్రాక్‌కు ముందే వేసి వచ్చిన రంధ్రాలు ఆ దూలాలకు ఎదురుగా రాలేదు. అయిదు బోల్టులలో మూడింటికి దూలం దొరికింది, మిగిలిన రెండూ జిప్సంలోనే పట్టుకున్నాయి. నాలుగు నెలల తరువాత ఒక రాత్రి పిల్లవాడు తలుపును గట్టిగా తోసినప్పుడు ఆ రెండు బోల్టులూ పలకతో సహా ఊడివచ్చి ట్రాక్ ఒక వైపు జారిపోయింది. వాడు ఆ వైపు లేడు కనుక బతికిపోయాం. తరువాత ఆరు అంగుళాల వెడల్పున్న గట్టి చెక్క పలకను ప్రతి దూలానికీ లావు స్క్రూలతో బిగించి, ట్రాక్‌ను ఆ పలక మీద ఎక్కించాను. అప్పటి నుంచి కదల్లేదు. మీది ఇటుక గోడే అయినా ఈ అడ్డ పలకను మాత్రం వదలకండి.

చిత్రికపట్టు (రాజమహేంద్రవరం)

నేను ముప్ఫై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నవాణ్ని. మీ పాత టేకు మీద మీకున్న మమకారం అర్థమైంది, కానీ మొత్తం తలుపును ఆ పలకలతో చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

మొదటి కారణం బరువు. ఖాళీ ఎత్తు ఏడు అడుగులు ఉంటుందనుకుంటే తలుపు 40 అంగుళాల వెడల్పు, సుమారు ఏడడుగుల ఒకటిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. వేలాడదీసే బిగింపులు చాలావరకు 35 మిల్లీమీటర్ల పైచిలుకు మందానికి తయారవుతాయి. ఆ మందంలో గట్టి టేకు తలుపు దాదాపు 50 కిలోలు తూగుతుంది. మీ గోడ సంగతి అటుంచండి, అంత బరువు కదలడం మొదలుపెట్టాక ఆపడం ఆ వయసువారికి కష్టం.

రెండో కారణం చెక్క స్వభావం. పలక పొడవులో మారదు కానీ అడ్డంగా వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది. ఎనిమిది పలకలను జిగురుతో ఒకటిగా అతికించి వెనక అడ్డ బద్దలకు కదలకుండా స్క్రూలు బిగిస్తే, వచ్చే రోహిణి కార్తెకు ఎక్కడో ఒకచోట నిలువునా పగులు తీస్తుంది. గట్టి పలకలతోనే చేయాలని పట్టుబడితే, పలకల అంచులను ఒకదానిలో ఒకటి దూరేటట్టు గాడి తీసి, జిగురు పెట్టకుండా కూర్చి, అడ్డ బద్దల్లో స్క్రూ రంధ్రాలను కోలగా తీయాలి. అప్పుడు చెక్క కదులుతుంది, తలుపు చెడదు.

నా సలహా ఏమిటంటే, మధ్యలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303 ముద్రలో బి.డబ్ల్యు.ఆర్. రకం, అంటే మరిగే నీటిని తట్టుకునేది, చాలు, ఈ గదికి మెరైన్ ప్లైవుడ్ అక్కరలేదు. మీ పాత టేకును 9 మిల్లీమీటర్ల మందంలో కోయించి, అయిదు అంగుళాల పట్టీలుగా చుట్టూ, నడుమన ఒకటి, రెండు ముఖాలకూ సమానంగా అతికించండి. అంచుల దగ్గర మొత్తం 36 మిల్లీమీటర్లు వస్తుంది, బరువు కూడా 36 కిలోల దగ్గర ఆగుతుంది. ఒక ముఖానికే పట్టీలు వేస్తే, లేదా ఒక ముఖానికే పాలిష్ పూస్తే తలుపు విల్లులా వంగుతుంది. అడుగు అంచుకూ పై అంచుకూ కూడా పాలిష్ తప్పక పూయండి, తేమ ఎక్కువగా పీల్చేవి ఆ కోతలే. కోతకు పంపే ముందు ప్రతి పలక మీదా అయస్కాంతం జరిపి చూడండి. పాత చెక్కలో తల విరిగిన మేకులు లోపల ఉండిపోతాయి, రంపం పళ్లు పోవడమే కాక ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది.

ఐమూలగా వేసే బద్ద గురించి కూడా ఒక మాట. బందుల మీద తిరిగే తలుపులో ఆ బద్ద రెక్క వాలిపోకుండా ఆపుతుంది. ఇక్కడ రెండు చక్రాలూ తలుపును పైనుంచే పట్టుకుంటాయి కనుక వాలడమనేది లేదు. అందం కోసం వేసుకోవచ్చు, అవసరం కోసం కాదు.

కొండవీటి_ఇల్లు (గుంటూరు)

చిత్రికపట్టు గారూ, మీ మాట మనసుకు పట్టింది. టేకును కోయించి పట్టీలుగా వాడతాను. మీరు ఊహించినట్టే ద్వారబంధం పై అంచు నేల నుంచి 84 అంగుళాల ఎత్తులో ఉంది, దాని మీద కాంక్రీటు లింటెల్, అంటే పై గోడ బరువును మోసే అడ్డ దూలం, ఉందని మేస్త్రి చెబుతున్నాడు. ట్రాక్ సుమారు 88 అంగుళాల ఎత్తులో వస్తుంది కాబట్టి లింటెల్‌లోనే యాంకర్లు, అంటే గోడ లోపల బిగుసుకునే బోల్టులు, కొట్టవచ్చునని అతని ధైర్యం. ఇది సరైనదేనా?

లింటెల్‌బీమ్ (హైదరాబాద్)

సగమే సరైనది. ఇక్కడే చాలామంది పొరబడతారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

విడి లింటెల్ సాధారణంగా ఖాళీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలు మాత్రమే గోడలోకి వెళుతుంది. మీ ఖాళీ 36 అయితే లింటెల్ పొడవు సుమారు 48 అంగుళాలు. మీ ట్రాక్ పొడవు 80. అంటే ఖాళీ మీదుగా ఉన్న సగానికే కాంక్రీటు దొరుకుతుంది, మిగతా సగం వట్టి ఇటుక మీద ఉంటుంది. మీ అమ్మగారి గది తలుపు పగలంతా తెరిచే ఉంటుంది కదా, అంటే రోజులో ఎక్కువ సేపు బరువంతా ఆ ఇటుక సగం మీదనే నిలబడుతుంది. మేస్త్రి ధైర్యం మూసి ఉన్న తలుపుకు వర్తిస్తుంది, తెరిచి ఉన్న తలుపుకు కాదు. ఇంటి చుట్టూ లింటెల్ ఎత్తులో ఏకంగా కాంక్రీటు పట్టీ పోసి ఉంటే ఆ చింత లేదు. భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం ఉన్న ఐ.ఎస్. 4326 ప్రమాణం అలాంటి పట్టీనే చెబుతుంది, కానీ పాత ఇళ్లలో అది ఉందని అనుకోవడానికి లేదు. తెలుసుకునే దారి సులువు. తలుపు తెరుచుకునే వైపు, ఖాళీ అంచు నుంచి రెండడుగుల దూరంలో, 88 అంగుళాల ఎత్తులో 6 మిల్లీమీటర్ల డ్రిల్‌తో ఒక రంధ్రం వేయండి. పూత దాటిన తరువాత ఎర్రని పొడి వస్తే ఇటుక, బూడిద రంగు పొడి వస్తూ డ్రిల్ మొరాయిస్తే కాంక్రీటు. పొడి బూడిద రంగులోనే ఉండి డ్రిల్ సులువుగా దిగిపోతే అది ఇటుకల మధ్య మాలు, రెండు అంగుళాలు పక్కకు జరిగి మళ్లీ చూడండి.

ఇటుకే అయితే, నాలుగున్నర అంగుళాల గోడలో వ్యాకోచించే లోహపు యాంకర్లను నేను ఒప్పుకోను. బిగించే కొద్దీ అవి ఇటుకను లోపలి నుంచి చీలుస్తాయి, మాలు దగ్గర పడితే ఇటుకే వదులవుతుంది. దానికి బదులు 10 మిల్లీమీటర్ల మరకడ్డీలను, అంటే పొడవునా మరలున్న ఇనుప కడ్డీలను, గోడకు ఇటు నుంచి అటు దాకా దూర్చండి. గది లోపలి వైపు 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీని పొడవునా పెట్టి, ఆ పట్టీ మీద నట్లు బిగించండి. అప్పుడు బరువు ఒక్కో ఇటుక మీద కాక గోడ మీద పరుచుకుంటుంది. లింటెల్ ఉన్న సగంలో మాత్రం మీ మేస్త్రి చెప్పిన యాంకర్లు చక్కగా పనిచేస్తాయి.

లెక్క కూడా చూపిస్తాను. తలుపు బరువు 36 కిలోలు, అది గోడ నుంచి సుమారు 5 సెంటీమీటర్లు ముందుకు వేలాడుతుంది. అడ్డ పలకలో బోల్టుకూ, పలక గోడను అదిమే కింది అంచుకూ మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే, బోల్టులన్నింటి మీదా కలిపి బయటికి లాగే బలం 18 కిలోలే. నిలకడగా ఉన్నప్పుడు ఇది చాలా తక్కువ. గోడను దెబ్బతీసేది ఈ బరువు కాదు, తలుపు వేగంగా వచ్చి చివరి ఆపుడు బిళ్లకు కొట్టుకున్న ప్రతిసారీ తగిలే కుదుపు. అందువల్ల ట్రాక్ రెండు చివరలా మెల్లగా ఆపే డాంపర్లు ఉన్న రకం కొనండి. మీ ఇంట్లో అది విలాసం కాదు.

ద్వారబంధం తీసినంత మాత్రాన పైన గోడకు ముప్పు లేదు, లింటెల్ కాంక్రీటుదై రెండు పక్కలా ఆనుకుని ఉన్నంత వరకు బరువు దానిదే. కానీ తీసే ముందు పై పూత కొద్దిగా గీరి, అక్కడ నిజంగా కాంక్రీటే ఉందో, చెక్క దూలం ఉందో కళ్లతో చూడండి.

కరెంటుపని (వరంగల్)

ఒక్క విషయం ఎవరూ అనలేదు. గోడకు ఇటు నుంచి అటు రంధ్రాలు వేస్తున్నారు కనుక గది లోపలి స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడండి. సాధారణంగా తలుపు పక్కనే ఉంటుంది, దానికి వైర్ల పైపు పైకప్పు నుంచి నిట్టనిలువుగా దిగుతుంది. మీ బోల్టుల వరుస ఆ పైపును అడ్డంగా దాటుతుంది. బోర్డుకు సరిగ్గా పైన, రెండు పక్కలా కనీసం ఆరేసి అంగుళాల మేర రంధ్రం వేయవద్దు, మిగతా చోట్ల వేసేటప్పుడు కూడా మెయిన్ ఆపి, డ్రిల్‌కు కరెంటు పక్కింటి నుంచి తీసుకోండి లేదా బ్యాటరీ డ్రిల్ వాడండి.

నడకనేస్తం (విశాఖపట్నం)

నేను ఫిజియోథెరపిస్టును. ఇంటి గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించడం సంతోషం కలిగించింది, కానీ తలుపును వాడబోయే మనిషి వైపు నుంచి రెండు విషయాలు అడగాలి.

మొదటిది పిడి. ఇలాంటి తలుపుల వెనక ముఖానికి, అంటే గోడను ఆనుకుని జరిగే ముఖానికి, పొడుచుకు వచ్చే పిడి పెడితే అది ద్వారం అంచుకు తగులుతుందని గుంటలా చెక్కిన పిడి పెడతారు. లోపలి నుంచి అమ్మగారికి దొరికేది అదే. వేళ్లలో పట్టు తగ్గినవారు వేలికొసలతో గుంటలో లాగి 36 కిలోల తలుపును కదపలేరు. లోపలి వైపు కూడా గుప్పిట పట్టే పిడి, అడుగు పొడవుది, నేల నుంచి సుమారు 36 అంగుళాల ఎత్తులో పెట్టండి. అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకోక మూడు నాలుగు అంగుళాలు ఖాళీలోనే నిలిచిపోతుంది. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

రెండోది నేల మీది గైడు. తలుపు అడుగు ఊగకుండా ఆపే ఆ చిన్న బిగింపును దారి మధ్యలో పెట్టిన ఇళ్లు చూశాను. చక్రానికి అర అంగుళం అడ్డు కూడా కుదుపే. అది ఖాళీకి పక్కన, తలుపు ఎప్పుడూ దాటిపోని చోట ఉండాలి.

ఫ్రిస్కో_గోదావరి (టెక్సాస్)

నడకనేస్తం గారు చెప్పినదానికి ఒక కొలత జోడిస్తాను. ఇక్కడి వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రజా భవనాల్లో తలుపు తెరిచాక మిగలాల్సిన ఖాళీ కనీసం 32 అంగుళాలు. ప్రైవేటు ఇళ్లకు అది వర్తించదు కానీ గీటురాయిగా పనికివస్తుంది. పిడి కోసం నాలుగు అంగుళాలు వదిలినా మీకు 32 మిగులుతాయి. గైడు విషయంలో, గోడకు బిగించే రకం దొరుకుతుంది. రెండు చిన్న చక్రాలు తలుపు అడుగును రెండు వైపుల నుంచి పట్టుకుంటాయి. నేలలో రంధ్రం వేయనక్కరలేదు, తలుపు అడుగున గాడి తీయనక్కరలేదు.

వానచినుకు (విజయవాడ)

ఈ తలుపు చేయలేని పనులు కూడా తెలుసుకుని మొదలుపెట్టండి. మేము పడకగదికి ఆనుకున్న స్నానాల గదికి పెట్టి పశ్చాత్తాపపడ్డాం. గోడకూ తలుపుకూ మధ్య అంగుళం సందు ఎప్పుడూ ఉంటుంది. చప్పుడు ఆగదు, వాసన ఆగదు, ఏసీ చల్లదనం సగం బయటికే పోతుంది. చివరికి అక్కడ మామూలు తలుపు మళ్లీ పెట్టించాం. అమ్మగారి గదికి ఏసీ ఉంటే తలుపు వెనక అంచులకు కుచ్చు పట్టీలు అతికించండి, పూర్తిగా కాకపోయినా కొంత ఆపుతాయి.

చిత్రికపట్టు (రాజమహేంద్రవరం)

వానచినుకు గారి అనుభవం నిజమే, అయితే ఆ సందుకే ఒక మేలు ఉంది. శ్రావణ భాద్రపదాల్లో మామూలు తలుపు ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోతే భుజం పెట్టి తోయాల్సి వస్తుంది. ఈ తలుపు దేనిలోనూ కూర్చోదు కనుక ఆ బాధ లేదు, కుర్చీలో ఉన్నవారికి అది పెద్ద ఊరట.

బిగించేటప్పుడు జాగ్రత్తలు: నేల కొలతను ఒక్కచోట తీసుకోవద్దు. 80 అంగుళాల పొడవునా నాలుగైదు చోట్ల చూసి, నేల అన్నింటికంటే ఎత్తుగా ఉన్న చోట అర అంగుళం సందు మిగిలేటట్టు తలుపు ఎత్తు నిర్ణయించండి. ట్రాక్ మాత్రం నేలను అనుసరించకూడదు, నీటి మట్టాన్నే అనుసరించాలి. నీళ్లు నింపిన లెవల్ పైపుతో రెండు చివరలూ గుర్తు పెట్టండి, రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా తలుపు తనంతట తానే జరగడం మొదలుపెడుతుంది. తలుపు ఎక్కించాక దాని పై అంచున బిగించే చిన్న బిళ్లలను మరవకండి. తలుపును ఎవరైనా పైకి ఎత్తినట్టు తోసినా చక్రాలు ట్రాక్ దాటి దూకకుండా ఆపేవి అవే. వాటిని బిగించకుండా వదిలేసిన తలుపులు చాలా చూశాను. గోడ అడుగున వేసే స్కర్టింగ్ రాయి గోడ నుంచి ఎంత ముందుకు వచ్చిందో కూడా చూసి అడ్డ పలక మందం ఎంచుకోండి.

కొండవీటి_ఇల్లు (గుంటూరు)

అయిదు వారాల తరువాత రాస్తున్నాను, మన్నించాలి. పని పూర్తయింది.

లింటెల్‌బీమ్ గారు చెప్పినట్టే రంధ్రం వేసి చూస్తే ఎర్రని పొడి వచ్చింది, అంటే మా ఇంట్లో ఏకపట్టీ లేదు. ఖాళీ మీద రెండు యాంకర్లు, ఇటుక వైపు మూడు మరకడ్డీలు, గది లోపల ఇనుప పట్టీ. స్విచ్‌బోర్డు పైపు సరిగ్గా నేను ముందు గుర్తు పెట్టుకున్న మూడో రంధ్రం దారిలోనే ఉందని తేలింది. కరెంటుపని గారు రాసి ఉండకపోతే దాన్ని కోసేసి ఉండేవాణ్ని. ఆ రంధ్రాన్ని ఎనిమిది అంగుళాలు పక్కకు జరిపాను. అడ్డ పలక అంగుళం మందం టేకుది, స్కర్టింగ్‌ను తలుపు తాకడం లేదు.

గడప విషయంలో ఇంట్లో కొంత మాట నడిచింది. గడప తీయకూడదని మా పెద్దమ్మ అన్నారు. అమ్మే ఆమెకు చెప్పింది, పసుపు రాసి పూజించేది సింహద్వారం గడపకు, అది ఎక్కడికీ పోలేదు అని. తీసిన చోట కాంక్రీటు నింపి, నేలతో సమానంగా గ్రానైట్ పట్టీ వేయించాను. అంచులు పూసిన తరువాత ఖాళీ 35.5 అంగుళాలు వచ్చింది, లోపలి పిడి కోసం మూడున్నర వదిలి తలుపును ఆపాను, కచ్చితంగా 32 మిగిలాయి. మలుపులో వేళ్లకు రెండు పక్కలా చోటు ఉంది.

పాత టేకు పలకల్లో అయస్కాంతానికి పదకొండు మేకులు దొరికాయి. ఎనిమిదింటిలో ఆరు పట్టీలకు సరిపోయాయి, ఏడోది అడ్డ పలక అయింది. చిత్రిక పట్టగానే లోపలి రంగు కొత్త చెక్కలా బయటపడింది. కానీ ఒక పలక మీద తాతగారి కాలంలో చెక్కిన తామరపువ్వు సగం ఉంటే దాన్ని మాత్రం చిత్రిక పట్టకుండా, కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తులో లోపలి ముఖానికి పెట్టాను.

ఒక సందేహం మిగిలింది. మొదటి వారం తరువాత చూస్తే మరకడ్డీల నట్లలో రెండు, ఒక్కొక్కటి పావు చుట్టు మేర వదులయ్యాయి. ఇది గోడ లోపమా?

లింటెల్‌బీమ్ (హైదరాబాద్)

గోడ లోపం కాదు. అడ్డ పలక చెక్క కనుక వాషర్ల కింద కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. వెడల్పైన వాషర్లు వేసి మళ్లీ బిగించండి, నెల తరువాత ఒకసారి, వానాకాలం పోయాక ఒకసారి చూడండి. ఆ తరువాత కూడా వదులవుతూ ఉంటే నట్టు కాదు, లోపలి వైపు పూత నలుగుతోందని అర్థం. అప్పుడు ఇనుప పట్టీ తీసి, దాని కింద పూతను ఇటుక దాకా చెక్కి, గట్టి సిమెంటు మాలుతో సమం చేసి, వారం తడిపాక మళ్లీ బిగించండి. వాషర్లు మార్చేంతవరకు అమ్మగారిని ట్రాక్ కింద నుంచి మామూలుగానే వెళ్లనివ్వవచ్చు. పావు చుట్టు వదులు ప్రమాదం కాదు.

కొండవీటి_ఇల్లు (గుంటూరు)

కృతజ్ఞతలు. వాషర్లు రేపే మారుస్తాను, వాన వెలిశాక నట్ల సంగతి ఇక్కడే రాస్తాను.